తెర మీది తోడు మనిషి కాదని తెలిశాక సైకిల్ ఎక్కబుద్ధి కావడం లేదు

పేరు బయటపెట్టొద్దని కోరిన ఒక సోదరి ఉత్తరం ఇది. వయసు 41. ఇంటి నుంచే ఉద్యోగం, పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా కుర్చీలోనే. బీపీ కొంచెం కొంచెంగా పైకి వెళ్తోందని, మందుల దాకా రాకముందే వ్యాయామం మొదలుపెట్టమని డాక్టరు చెప్పారు. జిమ్‌లో రెండుసార్లు చేరి రెండుసార్లూ మానేశారు. "చుట్టూ అద్దాలు. అందరూ నన్నే చూస్తున్నట్టుండేది" అని రాశారు. ఆఖరికి ఇంటికే ఎక్సర్‌సైజ్ సైకిల్ తెచ్చుకుంటే, నెల తిరక్కుండానే అది తువాళ్లు ఆరేసుకునే స్టాండయింది.

అప్పుడు దొరికింది ఆ యాప్. ట్యాబ్‌ను సైకిల్ ముందు పెట్టుకుంటే, తెర మీద నీలం టీషర్టు వేసుకున్న ఒకామె తనూ సైకిల్ తొక్కుతూ కనిపిస్తుంది. ఇద్దరికీ కలిపి ఒకటే లెక్క. ఎవరు ముందు దిగితే ఇద్దరి స్కోరూ అక్కడితో ఆగిపోతుంది. ఈ పద్ధతి ఆవిడకు బాగా పట్టేసింది. తొమ్మిది వారాల్లో 51 సార్లు తొక్కారు. 8 నిమిషాలతో మొదలుపెట్టి 25కు చేరారు. మధ్యలో ఒకరోజు జ్వరమొచ్చి ఎక్కలేకపోతే, మర్నాడు యాప్‌లోనే "నిన్న రాలేకపోయాను, సారీ" అని రాశారు. ఆ క్షణంలోనే బొటనవేలు పైకెత్తిన గుర్తు వచ్చింది. పెద్ద మనసు అనుకున్నారు.

తర్వాత ఒకరోజు, పదకొండో నిమిషంలో నీలం టీషర్టు ఆమె ఎడమ చేత్తో చెంప తుడుచుకోవడం చూశారు. మర్నాడు టైము పెట్టుకుని చూశారు. అదే నిమిషం, అదే చెయ్యి, అదే చెంప. అనుమానమొచ్చి వెతికితే, సెట్టింగుల అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: ఈ పార్ట్‌నర్లు ముందే తీసిన వీడియోలు, నడిపేది ప్రోగ్రాము. అది మంగళవారం. శుక్రవారం యాప్ అప్‌డేట్ అయింది. నీలం టీషర్టుకు మాటలొచ్చాయి. "ఇంకొంచెం! నువ్వు చేయగలవు!" అంటుంది. ఇవాళ్టి లక్ష్యం 50 నిమిషాలు అంటుంది. ఆదివారం నుంచి మన సోదరి సైకిల్ ఎక్కలేదు. మూడు వారాలైంది.

భర్త నవ్వుతూ "ఇన్నాళ్లూ బొమ్మతోనా పోటీ?" అన్నారట. అది ముల్లులా గుచ్చుకుంది. వేరే ఊళ్లో ఉండే వదిన కొన్నేళ్లుగా రోజూ నడుస్తుంది. "వీడియో కాల్ పెట్టుకుని కలిసి చేద్దాం రా" అంటోంది. చెమటలు కక్కుతూ రొప్పుతుంటే ఆవిడ చూస్తుందని ఈవిడకు మొహమాటం. చివర ఇలా అడిగారు: "ఒక ప్రోగ్రాముకు సారీ చెప్పుకునేంత ఒంటరిదాన్నా నేను? నిజం తెలిశాక కూడా దాంతోనే సాగితే నన్ను నేను మోసం చేసుకున్నట్టు కాదా? వదినతో మొదలుపెట్టాలా? లేకపోతే ఎవరి తోడూ లేకుండా చేయడం నేర్చుకోవాలా?"

అమ్మా, ముందు ఆ సారీ సంగతి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో అన్నిటికంటే ఎక్కువ నొప్పి అక్కడే కనిపించింది నాకు.

మీకోసం ఒక మనిషి ఎదురుచూసి వెనుదిరిగి ఉంటుందని మీరు నమ్మారు. ఆ నమ్మకంతో క్షమాపణ చెప్పారు. అది ఒంటరితనానికి గుర్తు కాదు, మర్యాద తెలిసిన మనిషి చేసే పని. తప్పు చెప్పాల్సిన విషయాన్ని సెట్టింగుల అడుగున దాచినవాళ్లది. మీ కోపం న్యాయమైనదే. మొదటి తెర మీదే "ఇది రికార్డింగ్" అని పెద్ద అక్షరాల్లో చూపించమని వాళ్లకు రాయండి. మీ గుండె వేగం వగైరా వివరాలు ఆ యాప్ ఎవరితో పంచుకుంటోందో కూడా పనిలో పనిగా సెట్టింగుల్లో చూసుకోండి. ఒక సంగతి దాచినవాళ్ల దగ్గర మరోటి కూడా సరిచూసుకోవడం మంచిది. అయితే వాళ్లు దాచిన లెక్క వేరు, మీరు తొక్కిన లెక్క వేరు. ఆ 51 సార్లలో కల్పితం ఏదీ లేదు. 8 నుంచి 25కు వచ్చింది మీరే.

ఇప్పుడు మీకు కొంచెం ఊరటనిచ్చే సంగతి. అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బ్రాండన్ ఇర్విన్, డెబొరా ఫెల్ట్జ్, వాళ్ల సహచరులు 2012లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. 58 మంది యువతుల చేత ఎక్సర్‌సైజ్ సైకిల్ తొక్కించారు. ఓపిక ఉన్నంతసేపు తొక్కండి, చాలనిపిస్తే దిగిపోండి అన్నారు. కొందరు ఒంటరిగా తొక్కారు. కొందరికి తెర మీద ఒక తోడును చూపించి, ఆమె వేరేచోట ఇప్పుడే తొక్కుతోందని, మీకంటే కొంచెం మెరుగని చెప్పారు. మిగిలినవాళ్లకు అదే తోడును చూపిస్తూ, మీరిద్దరూ ఒక జట్టు, ముందు దిగినవాళ్ల సమయమే జట్టు స్కోరు అన్నారు. ఒంటరిగా తొక్కినవాళ్ల సగటు 10.6 నిమిషాలు. తోడు పక్కన తొక్కినవాళ్లది 19.8. జట్టుగా తొక్కినవాళ్లది 21.9. ఆ తోడు ఎవరనుకున్నారు? తిప్పి తిప్పి వేసిన ఒక రికార్డింగ్. మీ నీలం టీషర్టు లాంటిదే. మీరు మోసపోయినట్టే మోసపోయినవాళ్లు ఇంకా ఉన్నారు. పైగా చెంప తుడుచుకోవడాన్ని మీరు పట్టేశారు.

దీని వెనక ఉన్న కిటుకు చాలా పాతది. 1920ల్లో ఓటో కోలర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త, పడవల క్లబ్బులో తెడ్డు వేసే కుర్రాళ్లతో బరువులు ఎత్తించి చూశాడు. ఒక్కొక్కరి చేత విడిగా ఎత్తించాడు, తర్వాత ఇద్దరికి కలిపి ఒకే కడ్డీ ఇచ్చాడు. ఒకరు వదిలేస్తే రెండోవాడు మోయలేడు. అప్పుడు ఇద్దరిలో బలహీనుడు, తను ఒంటరిగా నిలిచినదానికంటే ఎక్కువసేపు నిలిచాడు. ఇందులో రెండు పనిచేస్తాయి. పక్కవాడితో పోల్చుకోవడం ఒకటి. నావల్ల జట్టు ఆగిపోకూడదన్న బాధ్యత రెండోది. జిమ్‌లో అద్దాల మధ్య మీకు పోలిక మాత్రమే దొరికింది, అదీ పదిమందితో. ఈ యాప్‌లో దొరికింది బాధ్యత. ఎవరైనా మీమీద ఆధారపడితే మీరు మాట తప్పని మనిషిలా కనిపిస్తున్నారు. జిమ్ రెండుసార్లు ఓడిపోయి ఇది నిలవడానికి కారణం అదేనని నాకు అనిపిస్తోంది. మీ గురించి మీకు తెలిసిన విలువైన సంగతి ఇది. యాప్ ఉన్నా పోయినా దీన్ని మాత్రం పారేసుకోవద్దు.

మరి నిజం తెలిశాక ఆ బాధ్యత మిగులుతుందా అన్నది మీ అసలు ప్రశ్న. దీన్నీ పరీక్షించారు. ఫెల్ట్జ్ బృందమే 2014లో ప్రచురించిన మరో ప్రయోగంలో, మోచేతుల మీద, కాలి వేళ్ల మీద ఒంటిని పలకలా నిలిపి ఉంచే ప్లాంక్ లాంటి వ్యాయామాలు చేయించారు. ఈసారి కొందరికి, మీ పార్ట్‌నర్ కంప్యూటర్ ప్రోగ్రామేనని ముందే చెప్పేశారు. అయినా వాళ్లు ఒంటరిగా చేసినవాళ్లకంటే ఎక్కువసేపు నిలబడ్డారు. కాకపోతే మనిషి తోడనుకున్నవాళ్లు అందరికంటే ఎక్కువ నిలిచారు. అంటే తెలిశాక బలం తగ్గుతుంది, పూర్తిగా పోదు. అలారం మనిషి కాదని తెలిసే లేస్తున్నాం కదా. తెలిసి వాడుకుంటే అది మోసం కాదు, పనిముట్టు.

ఇంకొక సంగతి. మీరు రాసిన రోజులు మరోసారి లెక్కపెట్టుకోండి. చెంప సంగతి బయటపడింది మంగళవారం. ఆగింది ఆదివారం. అంటే నిజం తెలిశాక కూడా శనివారం దాకా మీరు సైకిల్ ఎక్కుతూనే ఉన్నారు! మనసు కష్టపెట్టుకునే ఎక్కారేమో, కానీ ఎక్కారు. మధ్యలో శుక్రవారం వచ్చింది అప్‌డేట్. మిమ్మల్ని దించేసింది నిజం ఒక్కటే కాదు, ఆ 50 నిమిషాలూ ఆ మాటలూ అని నా అనుమానం. నేను పొరబడి ఉండొచ్చు, మీరే చూసుకోండి.

50 నిమిషాల సంగతి చూద్దాం. తోడు మనకంటే కొంచెం ముందుంటే కాళ్లు వాటంతట అవే వేగం అందుకుంటాయి. మరీ ముందుంటే "ఎలాగూ అందుకోలేను" అని మనసు చేతులెత్తేస్తుంది. కోలర్ కుర్రాళ్లలోనూ అంతే, మరీ ఎక్కువ తేడా ఉన్న జోడీల్లో ఆ ఫలితం తగ్గిపోయింది. 25 చేసే మీకు 50 చేసే తోడు జోడీ కాదు. అసలు మీకు 50 అవసరమా? పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ 25 నిమిషాలు వారానికి ఆరు రోజులైతే 150. మీరు దాదాపు అక్కడికి చేరుకున్నారు, ఎవరూ మీకు చెప్పలేదంతే.

ఇక ఆ మాటలు. ఇదే బృందం 2013లో ప్రచురించిన పరిశోధనలో, మెరుగైన తోడు చేత "నువ్వు చేయగలవు, కానివ్వు" లాంటి ప్రోత్సాహపు మాటలు చెప్పించి చూశారు. మాట్లాడని తోడు ఉన్నవాళ్లే ఎక్కువ నిలబడ్డారు. మనకంటే మెరుగ్గా చేసేవాళ్లు ఉత్సాహపరుస్తుంటే అది జాలిలా వినిపిస్తుందేమో. ఆ గొంతు విన్నప్పుడల్లా ఒళ్లు మండుతోందని మీరు సిగ్గుపడుతూ రాశారు. సిగ్గెందుకు? చాలామందికి అంతే.

కాబట్టి మీ ముందున్న దారుల్లో మొదటిది ఇదే. అదే నీలం టీషర్టుతో, కళ్లు తెరుచుకుని కొనసాగడం. గొంతు ఆపేయండి. స్థాయిని మీ సమయానికి రెండు మూడు నిమిషాలు మాత్రమే పైన పెట్టండి. అలా మార్చుకునే వీలు ఆ యాప్‌లో లేకపోతే అది మీకు పనికిరాదు, మొహమాటపడకుండా తీసేయండి. ఇందులో లాభం, ఏ వేళకు ఎక్కినా తోడు సిద్ధంగా ఉంటుంది, మిమ్మల్ని ఎవరూ చూడరు. నష్టం, పదకొండో నిమిషం వచ్చినప్పుడల్లా ఆ చెంప మీకు గుర్తొస్తుంది. కొంతకాలానికి అది చిరాకుగా మారొచ్చు. ఆ సైకిల్ ప్రయోగం కూడా ఆరుసార్ల తొక్కుడుతో ముగిసింది, ఏళ్ల తరబడి ఇదే ఊపు ఉంటుందని దాన్ని చూసి అనుకోలేం. మూడు నాలుగు నెలల్లో బలం తగ్గినట్టనిపిస్తే ఆ తప్పు మీది కాదు. తోడును మార్చే వేళ వచ్చిందంతే.

వదిన దారి నాకు బాగా నచ్చింది, అందులో చిక్కులూ ఎక్కువే. ఆవిడ మీకంటే కొంచెం మెరుగు. జోడీకి అది సరిగ్గా కుదిరే తేడా. పైగా ఆవిడ మనిషి. మీరు రాకపోతే నిజంగానే ఎదురుచూస్తుంది, నిజంగానే నొచ్చుకుంటుంది. దీని బలమూ అదే, బరువూ అదే. ఇద్దరి వేళలూ కలవాలి. ఆవిడ ఇంటికి చుట్టాలొస్తే మీ వ్యాయామం కూడా ఆగుతుంది. చుట్టరికంలో ఇప్పటికే ఏదైనా పొరపొచ్చం ఉంటే అది సైకిల్ ఎక్కి కూర్చుంటుంది. ముఖ్యంగా, నెల తర్వాత మీరు మానుకుంటే అది మీ ఒక్కరి సంగతిగా ఉండదు, పండగలకు కలిసినప్పుడు మాటల్లోకి వస్తుంది. ఇవన్నీ తూకం వేసుకున్నాక కూడా చేద్దామనిపిస్తే, మొదలుపెట్టే ముందే రెండు మూడు మాటలు అనుకోండి. కెమెరా ముఖం మీద వద్దు, కాళ్ల మీదికి తిప్పుకుందాం అనండి. ఆవిడ కాళ్లు మీకు, మీ కాళ్లు ఆవిడకు కనిపిస్తే చాలు. రొప్పు వినబడకుండా మైకు ఆపుకోవచ్చు. రాలేని రోజు ఒక్క మెసేజ్ పెడితే చాలు, కారణం అడగకూడదు. ఒకరు రాకపోయినా రెండోవాళ్లు తమ వ్యాయామం చేసి తీరాలి. ఈ చివరిది చాలా ముఖ్యం. లేకపోతే ఇద్దరి సెలవులూ ఇద్దరికీ అంటుకుంటాయి.

ముందు దిగినవాళ్ల నిమిషాలే ఇద్దరి స్కోరు అనే ఆట వదినతో ఆడొచ్చా? ఆడొచ్చు, వారానికి ఒకసారో రెండుసార్లో. రోజూ వద్దు. మనిషి ముందు మాట పోతుందని ఒళ్లు చెప్పేది వినకుండా తొక్కే ప్రమాదం ఉంది. మీకు బీపీ కూడా ఉంది. తొక్కుతున్నప్పుడు మామూలు వాక్యం ఒకటి మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మధ్యస్థ వ్యాయామానికి అది తేలికైన కొలత. గుండెల్లో నొప్పి, తల తిరగడం, ఎప్పుడూ లేనంత ఆయాసం, వీటిలో ఏది వచ్చినా జట్టు గిట్టు ఏమీ లేదు, దిగిపోవడమే, డాక్టరుకు చెప్పడమే. ఈ మాట వదినతో కూడా ముందే అనుకోండి.

మూడో దారి మీరు అడగలేదు, కానీ మీలాంటి మొహమాటస్తులకు కుదురుతుందని చెబుతున్నాను. మీకు మీరే తోడు. 2009లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జెస్సీ ఫాక్స్, జెరెమీ బైలెన్సన్ ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. తన పోలికలే ఉన్న బొమ్మ ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తుతుంటే చూసినవాళ్లు, వేరేవాళ్ల పోలికలున్న బొమ్మను చూసినవాళ్లకంటే, తర్వాతి 24 గంటల్లో ఎక్కువ వ్యాయామం చేశారు. మీకు అంత హంగు అక్కర్లేదు. చాలా యాప్‌లలో మీ పాత రికార్డునే తెర మీద పక్కన నడిపించుకోవచ్చు. రెండు వారాల కిందటి మీరు, ఇవాళ్టి మీరు. ఎవరూ చూడరు, ఎవరూ మోసం చేయలేరు. అయితే నిద్ర చాలని రోజున, నెలసరి రోజున, మీ అత్యుత్తమ రికార్డును పక్కన పెట్టుకుంటే అంతకంటే క్రూరమైన తోడు ఉండదు. అందుకే పోలికకు మంచి రోజును కాకుండా మామూలు రోజును ఎంచుకోండి.

ఎవరి తోడూ లేకుండా చేయడం నేర్చుకోవాలా అన్నారు. ఆ మాటలో, తోడు కావాలనుకోవడం ఏదో లోపమన్నట్టు ధ్వనించింది. నేనైతే అలా అనుకోను. ఏడేళ్లు ఒక స్నేహితురాలితో పొద్దున్నే నడిచాను. ఆమె ఊరు మారిపోయాక దాదాపు ఏడాది నేను గడప దాటలేదు. చెప్పులు వేసుకుని మళ్లీ విప్పేసిన రోజులున్నాయి. మళ్లీ నడక మొదలైంది ఇంకొకరు గేటు దగ్గర నిలబడ్డాకే. నాకు అది కావాలి, ఒప్పుకున్నాను. మీకు తోడు అక్కర్లేని రోజు రావచ్చు, రాకపోవచ్చు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని అలవాటుగా కుదురుకోవడానికి పట్టిన సమయం ఒక్కొక్కరికి ఒక్కోలా, 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేలింది. మధ్యస్థంగా 66 రోజులు. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. మీవి తొమ్మిది వారాలు, 51 తొక్కుళ్లు. అలవాటు చాలావరకు మీలో వేళ్లూనుకునే ఉండొచ్చు. తెలుసుకోవాలంటే ఒక పద్ధతి ఉంది. వారంలో ఒకరోజు తెర ఆపేసి తొక్కండి. మిగతా రోజులు తోడుతో. తెర లేని రోజు భారంగా గడిస్తే తోడు ఇంకా కావాలన్నమాట, తేలిగ్గా గడిస్తే రెండో రోజును కూడా కలుపుకోండి.

మీవారి మాట గురించి ఒక్క ముక్క. ఆయన ఎగతాళికి అనలేదని మీరే రాశారు. అయినా గుచ్చుకుందని ఆయనకు తెలియదు కదా, చెప్పండి. "నీకు బొమ్మలా కనిపించింది, దానివల్లే నేను 51 సార్లు ఎక్కాను" అంటే చాలు. వీలైతే ఆయన్ని ఒకసారి సైకిల్ ఎక్కించి, తెర ముందు కూర్చోబెట్టి, ఎన్ని నిమిషాలకు దిగుతారో చూడండి. పోటీగా కాదు, అక్కడ ఏం జరుగుతుందో ఆయనకు కూడా తెలియాలని.

నన్ను నా అభిప్రాయం అడిగితే, మొదటి రెండు వారాలు నీలం టీషర్టుతోనే, నోరు మూయించి, స్థాయి తగ్గించి మొదలుపెడతాను. మళ్లీ కుదురుకున్నాక వారానికి రెండు రోజులు వదినతో. వదిన రోజులే ఎక్కువ నిలబడితే మిగతావాటిని కూడా నెమ్మదిగా అటు జరుపుతాను. ఇది నా పద్ధతి మాత్రమే. వదిన ముందు నోరు విప్పడం మీకు నిజంగా కష్టమైతే, మూడో దారే మీకు సరైనది కావచ్చు, అందులో తక్కువేమీ లేదు.

ఏ దారి పట్టినా, ఎక్కేముందు సీటు ఎత్తు చూసుకోండి. పెడల్ కిందికి పోయినప్పుడు మోకాలు పూర్తిగా సాగకుండా కొంచెం వంగి ఉండాలి. చివరి వారం మోకాలు పట్టేసిందని ఒక మూల రాశారు, సీటు మరీ కిందికి ఉందేమో. సరిచేశాక కూడా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. బీపీ కొలిపించుకునే తేదీ తప్పకండి. ఇక మూడు వారాల విరామం తర్వాత 25తో మొదలుపెట్టొద్దు. మొదటిరోజు 8 నిమిషాలకే దిగిపోండి. ఆమె చెంప తుడుచుకునే దాకా ఉండనక్కర్లేదు.